జీతం అర్హతను బట్టి: పాతబస్తీ వాంటెడ్ బోర్డుల్లో లేని అంకెలు

2024 ఫిబ్రవరి 19న తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చింది. పోస్టులు 563. దరఖాస్తులు 4 లక్షల 3 వేలు. ఒక్కో పోస్టుకు ఏడొందల పైచిలుకు మంది అన్నమాట. ఆ నోటిఫికేషన్ చదివి అర్థం చేసుకోవడమే మొదటి పరీక్ష అని అభ్యర్థులు జోకులేసుకుంటారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, అభ్యర్థికి కావాల్సిన అంకెల్లో అందులో లేనిదంటూ ఉండదు. ఏ పోస్టుకు ఏ పే స్కేలు, వయసు ఎంత దాటకూడదు, ఫీజు ఎంత, దరఖాస్తుకు చివరి రోజు ఏది, ఏ మల్టీజోన్‌లో ఎన్ని ఖాళీలు, అన్నీ ఉంటాయి.

ఆ కమిషన్ ఉన్న హైదరాబాద్‌లోనే, పాతబస్తీలోని పత్తర్‌గట్టీ కమాన్ల కింద నడుస్తూ దుకాణాల అద్దాలు చూడండి. ‘సేల్స్‌మన్ కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. జీతం అర్హతను బట్టి.’ కింద ఒక సెల్ నంబరు. పక్క దుకాణంలో ఇదే సంగతి ఉర్దూలో ‘జరూరత్ హై’ అని మొదలవుతుంది. ఆ ప్రకటనలో ఉన్న అంకెలు మొత్తం పది. పదీ ఫోన్ నంబరువే.

ఒకప్పుడు ఈ పొదుపుకు కారణం ఉండేది. పేపర్లో క్లాసిఫైడ్ వేయాలంటే మాటకో లైనుకో లెక్కగట్టి డబ్బు తీసుకునేవారు. 1949లో మొదలైన ‘సియాసత్’ లాంటి ఉర్దూ పత్రికలకైనా, తెలుగు దినపత్రికలకైనా అదే పద్ధతి. నాలుగు మాటలు తగ్గితే నాలుగు రూపాయలు మిగిలేవి. ఇప్పుడు ఆ ప్రకటనే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అక్కడ పది లైన్లు రాసినా ఖర్చు లేదు. అయినా ఆ పాత పొదుపే నడుస్తోంది, అదీ అవసరమైన చోటే!

ఈ పొదుపు ఖర్చు ఎవరి మీద పడుతుందో చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే, తీరు మాత్రం బజారులో ఎవరిని అడిగినా చెప్తారు. షాహీన్‌నగర్ కుర్రాడొకడు రోజుకు 700 రూపాయల కూలీ మీద ఉన్నాడు. బోర్డు చూసి ఫోన్ చేస్తాడు. ‘జీతం ఎంత భయ్యా?’ అంటే ‘వచ్చి మాట్లాడు’ అంటారు. సగం రోజు మానుకుంటే 350 పోయింది. షేర్ ఆటోకు రానూపోనూ 60. తీరా వెళ్లాక తెలిసేది, జీతం ఇప్పుడొచ్చే దానికన్నా తక్కువని. ఇలాంటివి మూడు చోట్లకు తిరిగితే 1,230 రూపాయలు. సేటుకు మాత్రం ఏం లాభం? ముప్పై మంది ఫోన్ చేస్తే, మనిషికి మూడు నిమిషాలేసుకున్నా గంటన్నర. ముప్పై మందీ అడిగేది ఒకే ప్రశ్న. వచ్చిన ఐదుగురిలో ముగ్గురు జీతం విని టీ కూడా తాగకుండా లేచిపోతారు. మిగిలిన ఇద్దరు మంచి పనివాళ్లని నమ్మకమూ లేదు. ఇంకెక్కడా దొరక్క ఆగినవాళ్లు కావచ్చు. మంచి పని తెలిసినవాడు ‘వచ్చి మాట్లాడు’ అనే మాట దగ్గరే ఫోన్ పెట్టేసి ఉంటాడు.

జీతం దాచడానికి యజమానికి కారణాలు లేకపోలేదు. బోర్డు మీద 17 వేలని రాస్తే, ఆరేళ్లుగా 15 వేలకు పనిచేస్తున్న పాత మనిషి మర్నాడే ఎదురుగా నిలబడతాడు. పక్క దుకాణం సేటుకు గుట్టు తెలుస్తుంది. బేరమాడే వీలు పోతుంది. నా ఉద్దేశంలో వీటిలో మొదటిదొక్కటే నిజమైన ఇబ్బంది. దానికి మందు పాత మనిషి జీతం సరిచేయడమే, కొత్త మనిషిని చీకట్లో ఉంచడం కాదు.

బయటి లోకం ఈ విషయంలో చట్టం దాకా వెళ్లింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2021 జనవరి 1 నుంచి ఉద్యోగ ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో రాయాల్సిందే. న్యూయార్క్ నగరంలో అదే నియమం 2022 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. ఐరోపా కూటమి 2023లో చేసిన ఆదేశాన్ని సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2026 జూన్ 7 గడువు. దాని ప్రకారం అభ్యర్థికి జీతం సంగతి ఇంటర్వ్యూకు ముందే తెలియాలి. మన దగ్గర ప్రైవేటు కొలువులకు ఇలాంటి నిబంధన లేదు. అంతమాత్రాన రాయకూడదనీ లేదు. రాసేటప్పుడు ‘10 వేల నుంచి 40 వేల దాకా’ అని మాత్రం వద్దు. అది చదివినవాడికి తెలిసేది సున్నా. కింది అంకెకూ పై అంకెకూ తేడా మూడో వంతు మించితే అది ఎరగానే కనిపిస్తుంది.

అసలు గందరగోళం జీతం రాశాక మొదలవుతుంది. ఒకే కొలువుకు మూడు జీతాలుంటాయి, మూడూ నిజమే. నెలకు 18,000 స్థూల జీతం అనుకుందాం, అందులో బేసిక్, డీఏ కలిపి 15,000. సంస్థలో ఇరవై మందికి పైగా ఉన్నారు కాబట్టి పీఎఫ్ ఉంది, ఈఎస్ఐ ఉంది. ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, 135. తెలంగాణలో 15 వేలు దాటి 20 వేల లోపు జీతానికి వృత్తి పన్ను 150. మొత్తం కోత 2,085. చేతికొచ్చేది 15,915.

యజమాని వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. ఈఎస్ఐలో ఆయన వాటా 3.25 శాతం, 585. పీఎఫ్ 12 శాతం, దాని మీద బీమాకు అర శాతం, నిర్వహణకు అర శాతం, కలిపి 1,950. ఆ మనిషి మీద ఆయనకయ్యే ఖర్చు నెలకు 20,535. దాన్నే పన్నెండు నెలలకు గుణిస్తే 2,46,420. ఇక కన్సల్టెన్సీ వాడు ‘ఏడాదికి రెండున్నర లక్షల ప్యాకేజీ’ అని పోస్టరు వేస్తాడు. అబద్ధం ఆడింది నాలుగు వేలకు అటూ ఇటూగా మాత్రమే. కానీ ఇంటి అద్దె కట్టాల్సినవాడికి నెల చివర అందేది 15,915. ఖర్చుకూ చేతికొచ్చేదానికీ మధ్య తేడా 4,620 రూపాయలు.

ఆరుగురు పనివాళ్లున్న గాజుల దుకాణానికి ఈ పీఎఫ్, ఈఎస్ఐ కోతలు ఉండకపోవచ్చు. ఈఎస్ఐకి సాధారణంగా పది మంది ఉండాలి, జీతం 21,000 దాటకూడదు. పీఎఫ్‌కు ఇరవై మంది ఉండాలి. కాబట్టి ఆ దుకాణంలో 16 వేలంటే వృత్తి పన్ను 150 పోగా మిగతాదంతా చేతికే. బయటికి చూస్తే ‘18 వేలు’ అని రాసిన షోరూం పెద్దది. నెల చివర ఇద్దరిచ్చేదీ దాదాపు ఒకటే. అలాగని చిన్న దుకాణమే నయమనుకోకూడదు. షోరూం ఉద్యోగికి పీఎఫ్ ఖాతాలో నెలనెలా జమ అవుతుంది, జబ్బు చేస్తే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంటుంది. ఈ తేడా ప్రకటనలో కనబడాలంటే రాయాల్సింది ఒక్క లైనే: చేతికి ఇంత, పీఎఫ్-ఈఎస్ఐ ఉన్నాయా, లేవా.

పాతబస్తీలో సగం పని అసలు నెల జీతం కిందకే రాదు. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజు మీద అద్దాలు పొదిగే కారీగర్‌కు దక్కేది మాత్రం జతకు ఇంతని కూలీ. జర్దోజీ మగ్గం మీదైనా, షేర్వానీలు కుట్టే దర్జీకైనా పీసు లెక్కే. ఇక్కడ ‘మంచి రేటు ఇస్తాం’ అనే మాటకు విలువ లేదు. పీసుకు ఎంతో చెప్పినా సరిపోదు, మామూలు చేయి రోజుకు ఎన్ని చేస్తుందో కూడా చెప్పాలి. పీసుకు 45 రూపాయలంటే ఆశగా ఉంటుంది. రోజుకు ఎనిమిదే అయితే 360, పద్నాలుగు అయితే 630. చెడిపోయిన పీసు ఎవరి ఖాతాలో పడుతుంది? దారం, అద్దాలు ఎవరివి? హిసాబు వారానికా, నెలకా? సెలవు శుక్రవారమా, ఆదివారమా? కార్ఖానాల్లో ఏళ్లు గడిపినవాళ్లు మొదట అడిగేవి ఇవే. ప్రకటన రాసేవాడు వాళ్ల పక్కన ఒక పూట కూర్చుంటే చాలు, ఏం రాయాలో వాళ్లే చెప్పేస్తారు.

పేష్గీ సంగతి వేరే ఉంది. ముందుగా ఇంత ఇస్తాం అని ప్రకటనలో ఊరించడం మామూలు. ఆ బాకీ తీరేదాకా మనిషి కదలకూడదంటే మాత్రం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుంది. 2015 జనవరిలో పాతబస్తీలోని భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు సోదాలు చేసి, గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువ మంది బిహార్ పిల్లలు. వాళ్లెవరూ బోర్డు చూసి వచ్చినవాళ్లు కారు, దళారుల చేతుల మీదుగా వచ్చారు. మరుసటి ఏడాది, 2016లో, బాలకార్మిక చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, కుటుంబ పనులకు, పిల్లల నటనకు ఉన్న కొద్దిపాటి మినహాయింపులు తప్ప. 18 నిండనివాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. ‘హెల్పర్ కుర్రాడు కావలెను’ అని రాసే అలవాటున్న సేట్లు ఆ లైను మార్చి ‘18 నిండినవారు’ అని రాయడం వాళ్లకే క్షేమం.

వయసుకు ఇంకో చివర కూడా ఉంది. గ్రూప్-1కు గరిష్ఠ వయసు 46 చేసిన రాష్ట్రంలోనే చెప్పుల దుకాణం బోర్డు ‘25 లోపు’ అంటుంది. అమెరికాలో 40 దాటినవారికి 1967 నుంచి ఒక చట్టం రక్షణ ఇస్తోంది. మన ప్రైవేటు కొలువులకు అలాంటిది లేదు. చట్టం లేదు సరే, 35 ఏళ్లు వచ్చి రంజాన్ రద్దీని పదిహేనుసార్లు చూసిన సేల్స్‌మన్‌ను ఆ ఒక్క అంకెతో గుమ్మం బయట నిలబెట్టడం వ్యాపారానికైనా తెలివైన పనేనా?

‘మగవారు మాత్రమే’ అనే మాటకైతే చట్టం ఉంది, అదీ యాభై ఏళ్లుగా. 1974లో టెల్కో ప్రకటనలో మహిళలు దరఖాస్తు చేయనవసరం లేదని చూసి సుధామూర్తి జేఆర్డీ టాటాకు పోస్టుకార్డు రాసిన కథ అందరికీ తెలిసిందే. ఆ తర్వాతి ఏడాదే సమాన వేతన ఆర్డినెన్సు వచ్చింది, 1976లో చట్టమైంది. నియామకాల్లోనూ ఆడామగా తేడా చూపకూడదని అందులో ఉంది. 2019 వేతనాల కోడ్ ఆ మాటను తనలో కలుపుకుంది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. అమెరికాలో పేపర్లు మగవారి ఉద్యోగాలు, ఆడవారి ఉద్యోగాలు అని వేర్వేరు కాలమ్‌లు వేసేవి. అలా వేయడాన్ని నిషేధించిన నిబంధన సరైనదేనని 1973లో అక్కడి సుప్రీంకోర్టు పిట్స్‌బర్గ్ ప్రెస్ కేసులో తేల్చింది. చైనాలో ఒక జాబ్ సైటులోని ప్రకటనలన్నీ జల్లెడపట్టిన పరిశోధకులు కూన్, షెన్ 2013లో ఆసక్తికరమైన సంగతి రాశారు. లింగం పేర్కొన్న ప్రకటనలు మగవారి వైపు ఎన్ని ఉన్నాయో ఆడవారి వైపూ దాదాపు అన్నే ఉన్నాయి. నైపుణ్యం ఎక్కువ కావాల్సిన కొలువుల్లో ఆ షరతు బాగా తక్కువ. పనిమంతులు నిజంగా అవసరమైనప్పుడు యజమాని మీసాలూ గాజులూ చూడడని దాని అర్థం.

పాతబస్తీలో ఆడవాళ్లు దరఖాస్తు చేయకపోవడానికి ‘మగవారు మాత్రమే’ అన్న లైను అక్కర్లేదు. ‘టైమింగ్స్ ఫోన్‌లో చెప్తాం’ అన్నా చాలు. రాత్రి ఎనిమిదికి వదులుతారా, పదిన్నరకా అన్నది తెలియకుండా ఇంట్లో మాటే ఎత్తలేరు. చాంద్రాయణగుట్ట నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగం వెతుక్కునే అమ్మాయికి దూరం ఇరవై కిలోమీటర్లకు పైనే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి డబ్బు మిగిలింది, సమయం మిగలలేదు. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమాకు ఐదున్నర కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. పట్టాలు పడేదాకా ప్రకటనలో ‘దగ్గరి బస్టాపు ఫలానా’ అనే ముక్క ఏ ఆకర్షణీయమైన విశేషణం కన్నా ఎక్కువ మందిని తెస్తుంది.

అర్హత లైను దగ్గర ఈ ఊరికి చేదు జ్ఞాపకముంది. నిజాం రాజ్యంలో 1919 ఫర్మానా ప్రకారం సర్కారీ కొలువుకు ముల్కీ, అంటే స్థానికుడు, అయి ఉండాలి, ముల్కీ అనిపించుకోవడానికి పదిహేనేళ్ల నివాసం ఒక దారి. పోలీసు చర్య తర్వాత బయటివారు దొంగ ముల్కీ పత్రాలతో ఉద్యోగాలు పట్టేశారన్న ఆగ్రహం 1952 సెప్టెంబర్‌లో నయాపూల్ పక్కనున్న సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో, అన్నీ ఆ లైను చుట్టూ తిరిగినవే. ఇప్పటి దుకాణం బోర్డుకు అంత బరువు లేదు గానీ, అర్హతను అలవోకగా రాసే జబ్బు మాత్రం ఉంది. బిల్లు కొట్టడానికి డిగ్రీ, గోదాములో లెక్క చూడటానికి ఇంగ్లిష్, నెల రోజుల్లో నేర్చుకునే పనికి మూడేళ్ల అనుభవం. తప్పనిసరివి రెండో మూడో ఉంటాయి, మిగతావి ఉంటే మంచిది అనే కోవలోవి. రెంటినీ కలిపేస్తే నిజాయతీపరుడు ‘నాకు అన్నీ లేవులే’ అని ఆగిపోతాడు, ధైర్యవంతుడు వచ్చేస్తాడు. సేటుకు కావాల్సింది ఎవరో ఆయనకే తెలియాలి.

ఇన్ని చెప్పాక ఒక నమూనా రాయకపోతే అన్యాయం. ఊహించిన దుకాణమే:

‘పత్తర్‌గట్టీలో చీరల దుకాణానికి సేల్స్ పనికి ఇద్దరు కావలెను. ఆడవారైనా, మగవారైనా సరే. పని: చీరలు చూపించడం, బిల్లు చేయించడం, స్టాక్ సర్దడం. ఉదయం 11 నుంచి రాత్రి 8, మధ్యలో గంట విరామం. సెలవు శుక్రవారం. చేతికి నెలకు రూ.15,000 నుంచి 17,000, అమ్మకాల మీద కమీషన్ వేరు. పీఎఫ్-ఈఎస్ఐ లేవు. వయసు 18 నిండాలి. తెలుగు, ఉర్దూ మాట్లాడటం తప్పనిసరి. చదువు టెన్త్ చాలు. అనుభవం లేకపోతే 15 రోజులు నేర్పుతాం, ఆ రోజులకూ జీతం ఉంటుంది. పేరు, ఊరు 20వ తేదీ లోపు వాట్సాప్ చేయండి. 22, 23 తేదీల్లో సాయంత్రం 4 నుంచి 6 దాకా మాట్లాడతాం. ఏ ఫీజూ లేదు.’

వంద పదాలు కూడా లేవు. పని గంటలు రోజుకు ఎనిమిది, వారానికి 48, దుకాణాల చట్టం గీసిన గీత లోపలే. జీతం అంకె వేసే ముందు కార్మిక శాఖ కనీస వేతనం పట్టిక ఒకసారి చూసుకోవాలి. కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. ఇదే ప్రకటన తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి వేస్తే సరి. 2011 లెక్కల ప్రకారం 39 లక్షల 43 వేల మంది ఉన్న హైదరాబాద్ జిల్లాలో ఒక్క లిపిలోనే రాసి మనుషులు దొరకడం లేదనడం సబబు కాదు. 1978లో మొదలై ఇప్పుడు కుట్టుపని, కంప్యూటర్ నేర్పుతున్న సెట్విన్ సంస్థ కార్యాలయం పురానీ హవేలీలోనే ఉంది. ఆ పేరు వినగానే జనానికి చిన్న బస్సులే గుర్తొస్తాయి గానీ, శిక్షణ పూర్తిచేసినవాళ్లు దొరికే చోటు అది. కేంద్రం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో, రాష్ట్ర డిజిటల్ ఉపాధి వేదిక డీట్‌లో ప్రకటన పెట్టొచ్చు.

రంజాన్ సీజన్ కొలువులకు మరో రెండు అంకెలు కలపాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రాత్రి ఎన్నింటి దాకా. హలీం భట్టీల దగ్గర ఘోటా కొట్టే పనికి నెల రోజుల కోసం మనిషిని పిలిచి, పర్మినెంటేమో అన్న ఆశ పెట్టడం బజారులో అందరికీ తెలిసిన మోసమే.

‘ఏ ఫీజూ లేదు’ అన్న చివరి మాట ఊరికే పెట్టింది కాదు. బార్కాస్ నుంచి టోలీచౌకీ దాకా గల్ఫ్ కొలువుల ప్రకటనలు నిత్యం తిరిగే ఊరిది. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్టరు కాని ఏజెంటు విదేశీ పనికి మనుషుల్ని తీసుకోవడం నేరం. రిజిస్టరైన ఏజెంటు కూడా మనిషి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400 మించి తీసుకోకూడదు. ప్రకటన మీద ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరుందా, ఆ నంబరు ఈ-మైగ్రేట్ సైటులో దొరుకుతుందా అన్నది రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎందుకంటే, రష్యా-ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడని 2024 మార్చిలో తెలిసిన హైదరాబాద్ యువకుడు హెల్పర్ ఉద్యోగమని నమ్మే వెళ్లాడు. అలాంటి కొలువుల్ని వీడియోల్లో ఊరించిన ముఠాల మీద అదే నెలలో సీబీఐ కేసు పెట్టింది. జీతం లక్షల్లో, పని వివరం ఒక్క మాటలో ఉన్న ప్రకటనలవి. డబ్బు అప్పటికే కట్టేసి ఉంటే సైబర్ మోసాలకు 1930 నంబరుంది.

ఇంకో అంకె యజమానులు గుర్తుంచుకోవాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న సంస్థ నియామక పత్రం ఇవ్వాలి. అందులో హోదా, జీతం రాయాలి. ప్రకటనలో చెప్పిన అంకె ఒకటి, పత్రంలో పడిన అంకె ఇంకొకటి అయితే, వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన స్క్రీన్‌షాట్ ఉద్యోగి ఫోన్లో భద్రంగా ఉంటుంది. కార్మిక శాఖ అధికారి ముందు ఆ రెండూ పక్కపక్కన పెడితే సేటే సమాధానం చెప్పుకోవాలి.